బ్రూడర్‌కు రెండో ద్వారం

బ్రూడర్ అంటే కోడిపిల్లలకు వెచ్చదనమిచ్చే యంత్రమని అందరూ చెప్పేదే. అది సగం నిజం. వేడి పుట్టించడం మనిషికి ఎన్నడూ అంత కష్టం కాలేదు. పేడకుప్ప, బొగ్గులు, కిరోసిన్ దీపం, కరెంటు బల్బు, ఏది దొరికితే దానితో పుట్టించాడు. కష్టమంతా ఆ వేడి మితిమీరినప్పుడు పిల్ల తప్పుకునే దారి ఉంచడంలోనే ఉంది. ఈ యంత్రం కథను మొదటినుంచీ చూస్తే, అక్కరకొచ్చిన నమూనాల్లో ఆ దారి కనిపిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మన షెడ్లలో పిల్లలు చచ్చేది చాలాసార్లు చేతులారా ఆ దారి మూసెయ్యడం వల్లే.

పాతకాలపు థర్మామీటరు కొలమానానికి తన పేరు మిగిల్చిన ఫ్రెంచి శాస్త్రవేత్త రెయమ్యూర్, కృత్రిమ వేడితో గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచే పద్ధతిపై 1749లో ఒక గ్రంథం వెలువరించాడు. పులిసే పేడ వేడితో గుడ్లు పొదిగించాడు సరే, తల్లి లేని పిల్లల్ని బతికించడమెలా? అందుకో పెట్టె చేయించి ‘కృత్రిమ తల్లి’ అన్నాడు. లోపల ఉన్ని తోలు పరిచాడు. పైకప్పును ఏటవాలుగా దించాడు. చిన్న పిల్లలు పల్లంగా ఉన్న వైపుకి, పెద్దవి ఎత్తుగా ఉన్న వైపుకి చేరి వీపులు ఉన్నికి ఆనించుకుంటాయి. అయితే అవి లోపలికి తోసుకుపోయి, ఒకదాని మీదొకటి ఎక్కి, బలహీనమైనవి నలిగి ఊపిరాడక చస్తున్నాయి. అందుకని రెయమ్యూర్ పెట్టెను రెండు వైపులా తెరిచి ఉంచాడు. నలుగుతున్న పిల్ల అవతలి ద్వారంలోంచి బయటపడి, చుట్టూ తిరిగొచ్చి ఇంకోచోట దూరొచ్చు. ఉన్ని తోలు కన్నా ఈ రెండో ద్వారమే గొప్ప ఆలోచన అని నాకనిపిస్తుంది. తల్లికోడి చేసేదీ అంతే కదా. అది పెరడంతా వెచ్చబెట్టదు. రెక్క కింద మాత్రం వెచ్చగా ఉంచుతుంది, రాకపోకలు పిల్ల ఇష్టం.

ఈ ఇష్టానికి ఎందుకంత విలువంటే, రోజు పిల్ల నలభై గ్రాముల ప్రాణి. బరువుతో పోలిస్తే దాని ఒంటి ఉపరితలం చాలా ఎక్కువ కాబట్టి ఇట్టే చల్లబడుతుంది, ఇట్టే వేడెక్కుతుంది. నూగు పోయి ఈకలొచ్చేదాకా, అంటే రెండు మూడు వారాలపాటు, ఒంటి వేడిని సొంతంగా నిలుపుకోలేదు. కోడిజాతికి చెమట పట్టదు. వేడి ఎక్కువైతే నోరు తెరిచి రొప్పుతూ ఊపిరిలోని తేమ ద్వారానే దాన్ని వదిలించుకోవాలి. గాలి 42 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే అది పిల్ల ఒంటికన్నా వేడి. ఇక వేడి బయటకు పోదు, లోపలికే వస్తుంది. రొప్పినకొద్దీ ఒంట్లో నీరు తగ్గిపోతుంది. నలభై గ్రాముల ఒంట్లో నీటి నిల్వ ఎంతని!

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో బొగ్గు బ్రూడర్లు వచ్చాయి. మధ్యలో ఇనుప పొయ్యి, పైన వెడల్పాటి రేకు కప్పు. దానికి అమర్చిన థర్మోస్టాట్ చిత్రమైనది. రెండు పల్చటి ఇత్తడి బిళ్లలు అంచులు కలిపి అతికి, లోపల కొంచెం ఈథర్ ఉంచేవారు. ఈథర్ మరిగేది సుమారు 35 డిగ్రీల దగ్గర. పిల్లకు మొదటి వారం కప్పు అంచున కావలసిన వేడీ అంతే, 95 ఫారెన్‌హీట్. వేడెక్కితే బిళ్లలు ఉబ్బి, మీటను నెట్టి, పొయ్యికి గాలి తగ్గిస్తాయి. 1918లో అమెరికా తపాలా శాఖ రోజు పిల్లల పార్సెళ్లను ఒప్పుకోవడంతో తల్లిని చూడని పిల్లలు ఊరూరా దిగాయి. కడుపులో మిగిలిన పచ్చసొన రెండు మూడు రోజులు ప్రాణం నిలుపుతుంది కాబట్టే ఆ ప్రయాణం సాధ్యమైంది. ఆ పిల్లలు దిగిన ప్రతిచోటా బ్రూడర్ కావలసి వచ్చింది.

థర్మోస్టాట్ ఉండగా పిల్లల వంక చూడటమెందుకని అడగొచ్చు. అది తానున్న చోటి వేడినే కొలుస్తుంది. పైగా మంటను తగ్గించగలదు గానీ ఎండను తగ్గించలేదు. రెంటచింతల ఎండలో రేకుల షెడ్డులో మధ్యాహ్నం రెండింటికి బల్బులన్నీ ఆరిపోయినా వేడి దిగదు. అప్పుడు పిల్లకు దిక్కు ఖాళీ చోటూ, గాలీ, నీళ్లూ.

మరి అంత ఎండలో అసలు బ్రూడరే వద్దనుకుంటే? ఇది ఇంకా పెద్ద పొరపాటు. పగలు 42 ఉన్న ఊళ్లోనే తెల్లవారుజామున 27 ఉండొచ్చు. మూడు రోజుల పిల్లకు అది చలే. పగలు ఫ్యాన్ గాలికి తప్పుకున్న పిల్లలు అదే గాలికి రాత్రి గుట్టపడి కింద ఉన్నవాటిని నలిపేస్తాయి. వేసవి బ్రూడింగ్ అంటే ఒకే రోజులో రెండు రుతువులను దాటించడం. మొదటి వారం 95 ఫారెన్‌హీట్, వారానికి ఐదేసి తగ్గించాలన్న పట్టిక మంచిదే. కానీ అది పిల్ల వీపు ఎత్తున ఉండాల్సిన వేడి గురించి చెబుతుంది, ఎన్ని బల్బులు వెలగాలో చెప్పదు. మొదటి వారం కదా అని మిట్టమధ్యాహ్నం బల్బులు వేసి ఉంచితే తప్పు పట్టికది కాదు.

చోటు ఎక్కువిస్తే పిల్లలు దారితప్పి మేతకూ నీళ్లకూ దూరమవుతాయన్న అభ్యంతరంలో బలముంది. అందుకే మొదట పిల్లల చుట్టూ కట్టే కంచెను, అంటే చిక్ గార్డును, ఇరుగ్గానే కట్టాలి. కానీ చలికాలం కన్నా వేసవిలో దాన్ని త్వరగా వెడల్పు చెయ్యాలి. రేకుకు బదులు ఇనుప జాలీ వాడితే గాలి ఆడుతుంది. పిల్లలు గార్డు అంచుకు అంటుకుని, రెక్కలు ఒంటికి దూరంగా వాల్చి, ముక్కు తెరిచి పడుకున్నాయంటే వాటికి రెండో ద్వారం దొరకలేదని లెక్క. కప్పు కిందా బయటా సమంగా పరుచుకుని, కొన్ని తింటూ కొన్ని నిద్రపోతూ ఉంటే ఏ మీటరూ చూడనక్కర్లేదు. హైదరాబాద్ రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి రూపొందించిన వనరాజా, గ్రామప్రియ పిల్లలకూ తొలి వారాల్లో ఈ చూపు తప్పదు.

నీళ్లు చల్లి చల్లబరచడం కూడా ఊరిని బట్టే. రాయలసీమ, తెలంగాణల పొడి ఎండలో తడిపిన గోనె పరదాలు బాగా పనిచేస్తాయి. గాలిలో ముందే తేమ నిండిన కోస్తాలో వాటి ఫలితం తక్కువ, గాలి కదలికే మేలు. ఎక్కడైనా సరే, నీళ్లు పిల్లల మీద పడకూడదు. తడిసిన పిల్ల రాత్రికి వణుకుతుంది, తడిసిన ఊకలో అమ్మోనియా పుడుతుంది, రక్తపారుడు రోగమూ అంటుకుంటుంది. నీళ్లు పోయాల్సింది షెడ్డు కప్పు మీదా, పరదాల మీదా, డ్రింకర్లలోనూ. డ్రింకర్లను గంటగంటకూ మార్చాలి, పిల్లలు వేడెక్కిన నీళ్లు సరిగా తాగవు.

మేలో పిల్లల్ని దింపుకుంటున్నవారు మధ్యాహ్నం రెండింటికోసారి, తెల్లవారుజామున నాలుగింటికోసారి షెడ్డులోకి వెళ్లండి. థర్మామీటరు చూసేముందు పిల్లలెక్కడ పడుకున్నాయో చూడండి.