ప్లాస్మా కట్టరు: దోషనిర్ణయము



నేడు గుంటూరు, ప్రకాశం జిల్లాల మెట్టపల్లెలలో ట్రాక్టరు లేని వీధి యరుదు. ట్రాక్టరున్నచోట ట్రక్కు, గొఱ్ఱు, గుంటక యుండును. ఇవి యున్నచోట వీనిని కోసి యతికెడి వెల్డింగు షాపు ఉండితీరును. గ్యాసు కటింగుతోడనే పని జరుగుచుండిన ఆ షాపులలోనికి ఇప్పుడు ప్లాస్మా కట్టరు ప్రవేశించినది. దానిని కొనుటకు కొడుకో మనుమడో యడిగినపుడు సొమ్మిచ్చువారు మీరు. “యంత్రము చెడినది, పట్నమునకు పంపవలయు”నన్నపుడు మరల సొమ్మిచ్చువారును మీరే. మిరపకాయలు కల్లములలో నెండుచుండగా ట్రక్కు షాపులో నాలుగు దినములు నిలిచిన నెంత నష్టమో మీకు వేఱుగ చెప్పనేల? యంత్రము చెడినదని తోచినపుడు పెక్కుమారులు చెడినది యంత్రము కాదు. ఆ సంగతిని నిర్ణయించు క్రమమునే నేడు విన్నవించెదను.

వాయువు మిక్కిలి వేడెక్కినపుడు దాని యణువులనుండి ఎలక్ట్రానులు విడివడును. అప్పుడది విద్యుత్తును ప్రసరింపజేయును. ఏ వేడిమికి వాయువు ఎంతవఱకు నిట్లు విడివడునో తెలుపు సమీకరణమును 1920లో మన మేఘనాథ సాహా ప్రకటించెను. ఈ స్థితికి ప్లాస్మా యని 1928లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఇర్వింగు లాంగ్మ్యూరు పేరిడెను. దీనితో లోహమును కోయు టార్చికి రాబర్టు గేజి 1957లో ఆ దేశముననే పేటెంటు పొందెను.

టార్చిలో నొక రాగి ఎలక్ట్రోడు, దాని కొనయందు హాఫ్నియమను లోహపు చిన్న బిళ్ల, దాని యెదుట సన్నని రంధ్రముగల రాగి నాజిలు ఉండును. కంప్రెసరునుండి వచ్చు గాలి వీని నడుమ సుడి తిరుగుచు, విద్యుత్తుచే ప్లాస్మాయై రంధ్రముగుండ దూకి రేకును కరగించును. ఆ వేగమే కరగిన లోహమును క్రిందికి ఊదివేయును. సూర్యుని ఉపరితలపు వేడిమి సుమారు 5,500 డిగ్రీలు; ఈ ధారయందు 15,000 డిగ్రీలకు మించియు నుండవచ్చును. గ్యాసు కటింగున ఇనుము ఆక్సిజనులో మండుటచే తెగును గాన స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియము దానికి లొంగవు. విద్యుత్తును పోనిచ్చు లోహములన్నియు ప్లాస్మాకు లొంగును. చీమకుర్తి గ్రానైటు మాత్రము లొంగదు; రాతిగుండ విద్యుత్తు పోదుగదా.

కావున ఈ కోతకు గాలి, విద్యుత్తు, టార్చి కొన, చేతినడక యను నాలుగే యాధారములు. దోషమును వెదకుటకు మన తార్కికులు చెప్పిన అన్వయవ్యతిరేకములే మార్గము. ఒకటి యున్నపుడు దోషముండి, అది తొలగినపుడు దోషమును తొలగెనేని అదియే కారణము. తొందరపడిన పనివాడు ఒక్కమాఱే నాజిలు మార్చి, గాలి పెంచి, ఆంపియర్లు త్రిప్పును. కోత బాగుపడినను కారణము తెలియదు. మరునాడు దోషము మరల వచ్చును. అట్లు గాక, ఒక్కొక్కదానినే మార్చి, పనికిరాని రేకుముక్కపై జానెడు కోసి చూడవలయును. ఖర్చులేని పరీక్ష ముందు, ఖర్చైనది పిమ్మట.

మొదటిది గాలి. చేతితో పట్టి కోయు యంత్రములలో పెక్కింటికి సుమారు 5 బార్ల పీడనము కావలయును. ఆయా యంత్రముతో వచ్చిన పుస్తకములోని యంకెయే ప్రమాణము. ఆ యంకెను గాలి వెలువడుచుండగా చూడవలయునుగాని ఆగియుండగా కాదు. ఆగియున్నపుడు 5 చూపిన ముల్లు గాలి విడువగనే 3నకు దిగెనేని, గొట్టము సన్నమైనదనియో, ఫిల్టరు మూసుకొన్నదనియో, కంప్రెసరు చాలదనియో యెఱుగవలయును. గాలిలోని తేమ మఱియొక శత్రువు. చీరాల, బాపట్ల వంటి సముద్రతీరములందును, ఆశ్వయుజ కార్తికముల వానలందును ఇది హెచ్చు. గాలిని అదిమినపుడు తేమ నీరై ట్యాంకు అడుగున చేరును. ఆర్కు వెలిగింపక గాలిని మాత్రము తెల్లకాగితముపై విడిచి చూడుడు. చుక్కలు పడినచో గాలి తడిసినది. తడిగాలిచే ఆర్కు చిటపటలాడును. నాజిలు త్వరగా కాలిపోవును. ప్రతిదినము ట్యాంకు అడుగు కుళాయి విప్పి నీరు వదలుటయే దీనికి మందు.

రెండవది విద్యుత్తు. అది యంత్రమునుండి టార్చికి, టార్చినుండి రేకునకు, రేకునుండి ఎర్త్ క్లాంపుగుండ మరల యంత్రమునకు చుట్టి రావలయును. మీట నొక్కినపుడు చిన్నమంట వచ్చియు కోత యారంభము కాకున్నచో క్లాంపును శంకింపుడు. రంగును త్రుప్పును గోకి, మెఱయు లోహమునకే దానిని బిగింపవలయును. తెగి పడిపోవు ముక్కకు బిగింపరాదు. ట్రక్కును కోయునపుడు క్లాంపు కోతకు దగ్గఱ నుండవలయును. లేనిచో విద్యుత్తు చక్రపు బేరింగులగుండ పోయి వానిని చెఱచును. కోత నడుమ ఆర్కు ఆరుచున్నచో వోల్టేజిని, పొడవైన సన్నని ఎక్స్‌టెన్షను తీగను పరీక్షింపుడు. యంత్రముపై 60 శాతమని యున్నచో 10 నిమిషములలో 6 నిమిషములే కోయవలయునని యర్థము. వేడెక్కి యాగుట రోగము కాదు, రక్షణ. మన రోహిణీకార్తె యెండలో రేకులషెడ్డు క్రింద దానికి ఇంకను విశ్రాంతి కావలయును.

మూడవది టార్చి కొన. దీనిని విప్పుటకు ముందు యంత్రపు ప్లగ్గును తీసివేయవలయును. ఇందలి విద్యుత్తు వెల్డింగునకంటె హెచ్చై, కొన్ని వందల వోల్టులుండి ప్రాణము తీయగలదు. హాఫ్నియపు బిళ్లలో గుంట సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు లోతైనను, నాజిలు రంధ్రము గుండ్రదనము పోయినను, రెంటిని కలిపి మార్చుట మేలు. ఇవి అరిగి పోవుటకే పుట్టిన భాగములు. యంత్రపు వెలతో పోల్చిన వీని వెల స్వల్పము.

నాలుగవది చేతినడక. నాజిలు, రేకు నడుమ సుమారు 3 మిల్లీమీటర్ల యెడముండవలయును. ఇది ఇంచుమించు రెండు రూపాయిబిళ్లల మందము. రవ్వలు రేకు క్రిందనుండి కొంచెము వెనుకకు వాలి రాలుచున్నచో నడక సరియైనది. నడక మందగించిన, అడుగున లావైన బుడగల చిట్టెము కట్టి, సుత్తితో తట్టగనే రాలును. వేగము మించిన, సన్నని గట్టి చిట్టెము పట్టి, గ్రైండరు పెట్టినగాని పోదు. మఱియు వేగము హెచ్చిన రవ్వలు పైకే చిమ్మును. గాలి సుడి తిరుగుటచే సాధారణముగ కోతకు కుడివైపు అంచు నిటారుగను, ఎడమవైపు అంచు వాలుగను వచ్చును. ఇది దోషము కాదు; కావలసిన ముక్క కుడిచేతివైపున నుండునట్లు నడిపిన చాలును.

ఇక ఆపదల మాట. రవ్వలు దూరముగా నెగురును. 35 అడుగులలో ప్రత్తిగాని, ఎండుమిరపగాని, గోనెలుగాని యుండరాదు. ప్రత్తిలో పడిన నిప్పు పైకి కనబడక లోలోపల రాజుకొనును గాన, పని ముగిసిన పిమ్మటను గంటసేపు కనిపెట్టుకొని యుండవలయును. పురుగుమందు డబ్బాలను, డీజిలు పీపాలను, ఖాళీవైనను, కోయనీయకుడు. లోనున్న యావిరి పేలవచ్చును, విషమై సోకవచ్చును. జింకుపూత రేకుల పొగ జ్వరము తెచ్చును గాన బయలుగాలిలోనే వానిని కోయవలయును. ఎండకద్దములు కన్నులను కాపాడవు. యంత్రపు పుస్తకము చెప్పిన సంఖ్యగల నల్లద్దమే ధరింపవలయును.

కావున “యంత్రము చెడినది” అను మాట వినబడినపుడు మీరు సొమ్ము తీయుటకు ముందు నాలుగు ప్రశ్నలడుగుడు: గాలి పొడిగా, చాలినంతగా నున్నదా? క్లాంపు మెఱయు లోహమును పట్టినదా? కొన విప్పి చూచితివా? చిట్టెము ఏ తీరున నున్నది? ఈ నాలుగింటికి ఉత్తరము దొరకినను కోత సాగకున్నచో, అప్పుడు నిస్సంశయముగ పట్నమునకు పంపవచ్చును.