ఆగిపోయాకా పనిచేసిన డిష్

రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ ముందు కూర్చున్నవాళ్లకు సముద్రం పెద్ద తలనొప్పి. శత్రువు ఓడ కోసం వెతుకుతుంటే తెర నిండా నీటి మీంచి తిరిగొచ్చిన రొద. గాలి ముదిరేకొద్దీ రొద పెరిగేది. అప్పుడు విసుక్కున్న ఆ రొదతోనే తర్వాతివాళ్లు గాలిని కొలిచారు. ఆ పరికరం పేరు స్కాటరోమీటర్.

ఉపగ్రహానికి గాలి కనబడదు, గాలి నీటి మీద చేసే పని కనబడుతుంది. చూసేది పెద్ద కెరటాలను కాదు, వాటి వీపున లేచే సెంటీమీటర్ల పొడవు ముడతలను. రాడార్ తరంగానిదీ ఇంచుమించు అదే కొలత కాబట్టి, ముడతలు దట్టమైతే ప్రతిధ్వని బలపడుతుంది. అలా వేగం తెలుస్తుంది. చిక్కంతా దిశతోనే. గాలికి ఎదురుగా చూస్తే ప్రతిధ్వని ఒకలా, అడ్డంగా చూస్తే మరోలా వస్తుంది. అందుకే ఒకే చోటును వేర్వేరు కోణాల్లో చూడాలి. చూశాక కూడా రెండు మూడు జవాబులు మిగులుతాయి, చుట్టుపక్కల గాలులతో పోల్చి ఒకటి ఎంచుకోవాలి. వాన పడుతుంటే లెక్క మరీ గజిబిజి.

1978లో స్కాటరోమీటర్‌తో వెళ్లిన సీశాట్ ఉపగ్రహం మూడు నెలల పైచిలుకు పనిచేసి షార్ట్ సర్క్యూట్‌తో పోయింది. జపాన్ ఉపగ్రహమెక్కిన మరో స్కాటరోమీటర్ ఎన్‌స్కాట్ ఏడాది తిరక్కుండానే 1997లో మూగబోయింది. పాపం, దాని తప్పేం లేదు, చెడింది ఉపగ్రహం సౌరఫలకం. ఆ లోటు పూడ్చడానికి నాసా హడావుడిగా కట్టించిన క్విక్‌స్కాట్ 1999 జూన్ 19న ఎగిరింది. దాని మీటరు వెడల్పు డిష్ నిమిషానికి 18 చుట్లు తిరిగేది. ఏ చోటైనా ఉపగ్రహం దాన్ని చేరకముందు ఒకసారి, దాటాక ఒకసారి కంటబడేది. రోజుకు ప్రపంచ సముద్రాల్లో 90 శాతం చూసేసేది. రెండు మూడేళ్లు పనిచేస్తే చాలనుకున్న డిష్ పదేళ్లు తిరిగి, 2009 నవంబరు 23న పట్టేసింది.

అంతకు సరిగ్గా రెండు నెలల ముందే శ్రీహరికోట నుంచి భారత ఉపగ్రహం ఓషన్‌శాట్-2 వెళ్లింది. దానిమీదా అలాంటి డిషే. కొత్తది చెప్పే లెక్క సరైందని ఎవరు తేల్చాలి? క్విక్‌స్కాట్ డిష్ ఆగింది గానీ రాడార్ ఆగలేదు. చూడగలిగేది సన్నటి పట్టీనే అయినా, చూసినంత మేరా నమ్మదగ్గ కొలత. దాన్నే గీటురాయిగా పెట్టుకుని ఓషన్‌శాట్ కొలతలు సరిచూశారు. నన్నడిగితే పదేళ్ల తిరుగుడు కంటే ఈ ముసలితనపు చాకిరీయే గొప్పది. పాత కొలతకూ కొత్త కొలతకూ లంకె తెగితే, మారింది గాలులో పరికరమో తేలదు.

ఓషన్‌శాట్-2 స్కాటరోమీటర్ 2013లో ఫైలిన్ తుపాను గాలులను చూపించి, 2014 ఫిబ్రవరిలో ఆగింది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి తగిలించిన స్కాటరోమీటర్ ర్యాపిడ్‌స్కాట్ 2016లో ఆగింది. దానికీ క్విక్‌స్కాటే కొలబద్ద. ఆ ఏడాదే శ్రీహరికోట నుంచి మరో స్కాటరోమీటర్‌తో స్కాట్‌శాట్-1 వెళ్లింది. వీటిలో రెండింటిని సాగనంపిన క్విక్‌స్కాట్‌ను 2018 అక్టోబరులో ఆపేశారు.