జీవిత భాగస్వామి విదేశీయురాలైనప్పుడు చట్టం ఇచ్చే రక్షణ

నేడు పఠ్ఠే బాపూరావ్ మార్గ్‌గా పిలువబడుతున్న ఫాక్‌లాండ్ రోడ్డు పరిసరాల చాళ్లలో తెలుగు పురుషుడు నేపాలీ స్త్రీనో, బంగ్లాదేశీ స్త్రీనో వివాహమాడడం వింత కాదు. పోలీసులు భార్యను విచారణకు తీసుకుపోయిన దినమున మాత్రం ఈ రెండు సంబంధాలూ చట్టం దృష్టిలో ఒకటి కావని భర్తకు తెలియవస్తుంది.

1950 నాటి భారత-నేపాల్ ఒప్పందం వలన నేపాల్ పౌరులు వీసా లేకుండానే ఇక్కడ నివసించవచ్చును. ఆమె తన నేపాలీ పౌరసత్వ పత్రాన్ని చూపగలిగితే చాలావరకు చిక్కు తీరుతుంది. భారతీయుని వివాహమాడి, ఏడు సంవత్సరాలు ఇక్కడ నివసించినవారు పౌరసత్వ చట్టం 5వ సెక్షను కింద నమోదుకు దరఖాస్తు చేసుకోవచ్చును.

బంగ్లాదేశీ స్త్రీ విషయం కఠినమైనది. పాస్‌పోర్టు, వీసా ఉన్నవారు గడువు తీరకముందే విదేశీయుల ప్రాంతీయ నమోదు కార్యాలయాన్ని ఆశ్రయించాలి. పత్రాలు లేకుండా ప్రవేశించినవారిని, లేదా గడువు మించి ఉండిపోయినవారిని చట్టం అక్రమ వలసదారులుగా పరిగణిస్తుంది. వారికి 5వ సెక్షను వర్తించదు. 2014 డిసెంబరు 31లోగా వచ్చిన హిందువులు, బౌద్ధులు, క్రైస్తవులు మొదలగువారికి 2019 సవరణ మినహాయింపునిచ్చింది. పెళ్లి రిజిస్టరు చేయిస్తే అన్నీ సర్దుకుంటాయనే నమ్మకం ప్రమాదకరం. ఆధార్, పాన్, ఓటరు కార్డులు ఉన్నంత మాత్రాన పౌరసత్వం రాదని 2025 ఆగస్టులో బొంబాయి హైకోర్టు పేర్కొన్నది. అంతకన్న బాధాకరమైనది బిడ్డల సంగతి: 2004 డిసెంబరు 3 నుంచి ఇక్కడ పుట్టినవారికి, తండ్రి భారతీయుడైనా తల్లి అక్రమ వలసదారు అయితే, జన్మతః పౌరసత్వం లభించదు.

అరెస్టు చేసినచో 24 గంటల్లో మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలన్న రాజ్యాంగ నియమం విదేశీయులకూ వర్తిస్తుంది. అక్రమ నిర్బంధమైతే హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషను వేయవచ్చును. అయితే విదేశీయులను పంపివేసే అధికారం ప్రభుత్వానికి విస్తారంగా ఉన్నదని సుప్రీంకోర్టు 1955లోనే తేల్చినది. కాబట్టి న్యాయవాది వాదన సాధారణంగా పద్ధతి లోపాలపైనే నిలుస్తుంది. విదేశీయురాలు కాదని నిరూపించే భారం ఆమెపైనే ఉంటుంది గనుక, పశ్చిమ బెంగాల్‌లో పుట్టిన స్త్రీని పొరపాటున పట్టుకున్నా, ఆమె జనన పత్రం, తల్లిదండ్రుల పత్రాలు వెంటనే తెప్పించాలి.

మోసగించి కామాఠిపురకు అమ్మబడిన స్త్రీ నేరస్థురాలు కాదు, బాధితురాలు. అటువంటి విదేశీ స్త్రీలపై విదేశీయుల చట్టం కింద విచారణ జరపరాదని కేంద్ర హోం శాఖ 2012 మే 1న రాష్ట్రాలకు సూచించినది. ఈ సంగతిని తొలి వాంగ్మూలంలోనే చెప్పించాలి.

స్త్రీలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాది లభిస్తారు. జాతీయ న్యాయసేవల ఫోను నంబరు 15100.