పరుగుకు మోకాలడ్డు

వేసవిలో మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో పరుగెత్తాలంటే సూర్యుడి కన్నా ముందు లేవాలి. మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటితే ఇక్కడెవరూ వింతగా చెప్పుకోరు. పోనీ చీకటితోనే బయల్దేరదామా అంటే, తుకుం పేట దాటి తాడోబా రోడ్డు పట్టుకుంటే దుర్గాపూర్ బొగ్గు గనులు, 2,920 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం, వాటి చుట్టూ తుప్పలు, ఆ తుప్పల్లో పులులూ చిరుతలూ. 2022 ఫిబ్రవరిలో థర్మల్ కేంద్రం ఆవరణలోనే ఒక కార్మికుణ్ణి పులి చంపింది. తెల్లవారుజామున పరుగెత్తేవాడు మెత్తటి మట్టిదారి వదిలేసి దీపాలున్న తారురోడ్డే ఎంచుకుంటే ఏమనగలం? ఆ గట్టిదనమంతా భరించాల్సింది మోకాలే.

ఈ పరుగులో సరదాకన్నా అవసరం ఎక్కువ. ఇక్కడి కుర్రాళ్ళ నోట వినపడే మాట ‘భర్తీ’, అంటే ఉద్యోగ నియామకం. మహారాష్ట్ర పోలీసు భర్తీలో మగవాళ్ళకు 1,600 మీటర్లు. 5 నిమిషాల 10 సెకన్లలో ముగిస్తే 20కి 20 మార్కులు, ఆలస్యమైన కొద్దీ కోత. ఫారెస్టు గార్డు ఉద్యోగానికైతే ఏకంగా 5 కిలోమీటర్లు. సరిహద్దు అవతల కాగజ్‌నగర్‌లోనో మంచిర్యాలలోనో ఉన్న బావమరిది 2022 నాటి తెలంగాణ పోలీసు నోటిఫికేషన్‌లో అదే 1,600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తితే గట్టెక్కాడు. అక్కడ అది దాటాల్సిన గడప మాత్రమే. ఇక్కడ సెకన్లకూ ధర ఉంది.

నోటిఫికేషన్ రాగానే, అప్పటిదాకా బండి దిగనివాడు రోజూ పరుగు మొదలుపెడతాడు. మూడో వారానికి మోకాలు మొరాయిస్తుంది. వెంటనే మెడికల్ షాపు. “అన్నా, నీక్యాప్ ఒకటి ఇయ్యి.” ఏ సైజు అంటే, “మీడియమే ఇయ్యి.” ఎక్కడ నొప్పి అని అడిగేవాడూ లేడు, చెప్పేవాడూ లేడు. ఆ ఖర్చు కూడా ఎందుకనుకున్నవాడు ఇంట్లో అమ్మ నీక్యాప్ లాక్కుంటాడు.

నిజానికి ముందు తేల్చుకోవాల్సింది నొప్పి ఎక్కడ అన్నదే. మెట్లు దిగుతుంటే, చాలాసేపు కూర్చుని లేస్తుంటే మోకాలి చిప్ప చుట్టూ, చిప్ప వెనక సలిపితే అది చిప్పకూ తొడ ఎముకకూ మధ్య పేచీ. పరుగు కొత్తగా మొదలుపెట్టినవాళ్ళలో ఇది చాలా మామూలు. దీనికి చిప్ప దగ్గర రంధ్రం ఉండి, చుట్టూ మెత్తటి వలయం ఉన్న తొడుగు కొందరికి హాయినిస్తుంది. నొప్పి చిప్ప కిందుగా, వేలితో చూపించగలిగేంత చిన్నచోట ఉంటే తొడుగు అక్కర్లేదు. అక్కడి స్నాయువును నొక్కిపట్టే సన్నటి పట్టీ చాలు. మోకాలి బయటి వైపు మంట పుడితే తొడ పక్కనుంచి దిగే పొడవాటి పట్టీ లాంటి కణజాలాన్ని అనుమానించాలి. రోడ్డు అంచు వాలుగా ఉంటుంది కదా, రోజూ ఒకే పక్కన పరుగెత్తితే ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది. ఒక్కోసారి నీక్యాప్ కన్నా దారి మార్చడమే పనిచేస్తుంది.

మోకాలు వాచినా, మధ్యలో ఇరుక్కుపోయినట్టు చాచడానికి రాకపోయినా, నడుస్తుండగా పట్టు తప్పి జారినట్టయినా షాపు వైపు వెళ్ళొద్దు, ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళండి. లోపల లిగమెంటో, నెలవంక లాంటి మెనిస్కసో దెబ్బతిని ఉండొచ్చు. ఇనుప కీళ్ళున్న బరువైన బ్రేసు అలాంటివాళ్ళకు డాక్టరు రాసిచ్చేది. షోకేసులో గంభీరంగా కనిపిస్తోంది కదా అని అది తగిలించుకుని 1,600 మీటర్లకు దిగేవాణ్ణి ఆపడం స్నేహితుల బాధ్యత.

ఇంతకీ ఈ తొడుగులు పనిచేస్తాయా? చిప్ప నొప్పికి వాడే మోకాలి తొడుగుల మీద జరిగిన పరీక్షలను కాక్రేన్ సంస్థ 2015లో ఒకచోట చేర్చి చూసింది. ఐదు పరీక్షలు, 368 మంది. మూడు నెలల్లోపు నొప్పి తగ్గుతుందనడానికి గట్టి రుజువు దొరకలేదు. అయినా పరుగెత్తేవాళ్ళు దీన్ని వదలరు, అందులో తప్పూ లేదు. బిగువుగా పట్టుకున్న గుడ్డ మోకాలు ఎక్కడుందో మెదడుకు గుర్తుచేస్తూ ఉంటుంది. వెచ్చదనం ఇస్తుంది, కాస్త ధైర్యం ఇస్తుంది. వైద్యమని మాత్రం పొరబడకూడదు.

వెచ్చదనం అన్నాను కానీ, చంద్రపూర్‌లో అదే తంటా. బజారులో దొరికే మందపాటి తొడుగులు ఎక్కువగా నియోప్రీన్‌వి. 1930లో డ్యూపాంట్ ప్రయోగశాలలో పుట్టిన ఈ కృత్రిమ రబ్బరుతోనే చల్లటి సముద్రాల్లోకి దిగేవాళ్ళకు సూట్లు కుడతారు. మంచునీళ్ళలో ఒంటి వేడి పోకుండా కాపాడే సరుకు మే నెల తుకుంలో మోకాలికి చుట్టుకుంటే ఏమవుతుందో వేరే చెప్పాలా? చెమట, పొక్కులు, కొందరికి ఎలర్జీ దద్దుర్లు. ఇక్కడి వాతావరణానికి సాగే నైలాన్, స్పాండెక్స్ కలిపి అల్లిన పలుచటి తొడుగే నయం. రెండు కొనుక్కుంటే ఒకటి ఉతికి ఆరేసుకోవచ్చు.

మీడియం అన్న మాటకు అర్థం ఒక్కో కంపెనీకి ఒక్కోటి. దర్జీ టేపు తీసుకుని, డబ్బా మీద ఏచోట కొలవమన్నారో ఆచోట కొలవండి. తొడుక్కున్నాక షాపులోనే పది గుంజీళ్ళు తీయండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. మోకాలి వెనక ముడతపడి కోసుకున్నా, కిందికి జారినా అది మీది కాదు. పాదం తిమ్మిరెక్కితే మరీ బిగుతు. పరుగు అయ్యాక తీసేయండి, పడుకునేటప్పుడు అసలొద్దు.

పైసా ఖర్చు లేని మందులు రెండున్నాయి. అడుగు పొడవు తగ్గించి, నిమిషానికి వేసే అడుగులను 5 నుంచి 10 శాతం పెంచితే మోకాలి మీద పడే భారం తగ్గుతుందని 2011లో అమెరికాలోని విస్కాన్సిన్ పరిశోధకులు చూపించారు. తొడ కండరాలకూ, పిరుదు కండరాలకూ కలిపి వ్యాయామం చేయిస్తే చిప్ప నొప్పి తగ్గుతుందన్నది ఫిజియోథెరపిస్టులు సాధారణంగా ఒప్పుకునే మాట. పిరుదుకూ మోకాలికీ ఏమిటి సంబంధం, మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టినట్టు అనుకోవద్దు. పిరుదు కండరం బలహీనపడితే అడుగు వేసిన ప్రతిసారీ మోకాలు లోపలికి వాలుతుంది. ఆ వాలుకు చిప్ప ఒరుసుకుంటుంది.

ఇంట్లో పెద్దవాళ్ళకు ఇంకో భయం. “పరుగెత్తకురా, గుజ్జు అరిగిపోతుంది” అంటారు. పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్ళు తాగడం మేలనుకునే జాతి కదా మనది! 2017లో పాత పరిశోధనలను కలిపి లెక్కేస్తే తుంటి, మోకాలి కీళ్ళ అరుగుదల ఆరోగ్యం కోసం పరుగెత్తేవాళ్ళలో 3.5 శాతం, కదలకుండా కూర్చున్నవాళ్ళలో 10.2 శాతం. పోటీల కోసం ఒళ్ళు హూనం చేసుకునేవాళ్ళలో మాత్రం 13.3. భర్తీ కుర్రాళ్ళు ఆ చివరి అంకె మీద ఒక కన్నేసి ఉంచాలి.

కొత్త తొడుగును భర్తీ రోజున మొదటిసారి వేసుకోవద్దు. కనీసం రెండు వారాల ముందు నుంచీ దాంతో పరుగెత్తి చూడండి. అమ్మ నీక్యాప్ అమ్మకు తిరిగిచ్చేయండి, మెట్లు దిగేటప్పుడు ఆవిడ వెతుక్కుంటోంది.