కమిలిన దెబ్బ – మానునప్పటి దురద

ఆటస్థలమునుండి వచ్చిన బాలుని మోకాలిక్రింద కమిలిన మచ్చ కనబడుట వింత కాదు. మొదట నది కంది ఎర్రగా నుండును. మరునాటికి నేరేడుపండు వన్నెకు తిరుగును. కొన్ని దినములకు అంచులవెంబడి ఆకుపచ్చదనమును పసుపుదనమును తోచును. తుదకు గోధుమవన్నె మిగిలి, సుమారు రెండు వారములలో మాసిపోవును. ఇంతవరకు అందరెరిగినదే. కాని మచ్చ పచ్చబడు దినములలో నొప్పి తగ్గి దురద పుట్టుటను, కొందరి కచ్చట సన్నని పొక్కులో దద్దురులో లేచుటను అంతగా ఎవరును పట్టించుకొనరు. పట్టించుకొన్నవారు సైతము తొందరపడి 'గజ్జి' యని పేరుపెట్టి, ఆ బాలుని వెనుకబల్లకు పంపుట కలదు. వాని కిది రెండవ దెబ్బ.

చర్మము చిరుగకయే దానిక్రిందనున్న అతిసూక్ష్మ రక్తనాళములు చిట్లినపుడు, రక్తము వెలికి రాజాలక పొరలనడుమ నిలిచిపోవును. దానిని తొలగించు పని మాక్రోఫేజులను కణములది. మహాభక్షకము లనదగిన ఈ కణములు ఎర్రకణములను మ్రింగి, వానిలోని హిమోగ్లోబినును విడదీయును. హీము అను భాగము తొలుత బిలివెర్డిన్ అను ఆకుపచ్చని పదార్థముగను, పిమ్మట బిలిరూబిన్ అను పసుపుపచ్చని పదార్థముగను మారును. కామెర్ల రోగి కన్నులలోని పసుపు ఇదియే. విడివడిన ఇనుము హీమోసిడెరిన్ రూపమున కొన్నాళ్లు నిలిచి గోధుమవన్నె నిచ్చును. ఈ మార్పును ప్రారంభించు ఎంజైమును 1968లో టెన్‌హునెన్, మార్వర్, ష్మిడ్ అను శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. ఒక్కమాట: ఈ రంగులు పంచాంగము కావు. ఒకేదినమున తగిలిన రెండు దెబ్బలు రెండు రంగులలో నుండవచ్చును. కావున మచ్చను చూచి దెబ్బ తగిలిన దినమును నిర్ణయింపబూనుట సాహసము.

ఇక దురద. చర్మమున మాస్టుకణములు కలవు. 1878లో పాల్ ఎర్లిక్ వానికి ఆ పేరు పెట్టెను. దెబ్బచేతగాని రాపిడిచేతగాని ఇవి రేగినపుడు హిస్టమిన్ అను ద్రవ్యము వెలువడును. దానివలన సన్ననాళములు వెడల్పగును; వానినుండి నీరు ఊరి చర్మముబ్బును; నాడికొసలు మేల్కొనును. దురద యనగా కొద్దిపాటి నొప్పియే యని చిరకాలము తలచిరి. 1997లో ష్మెల్జ్ మొదలగువారు హిస్టమినునకు స్పందించి దురదను మోయు ప్రత్యేకమైన సన్ననాడులను మానవచర్మమున గుర్తించిరి.

లండనులో పనిచేసిన సర్ థామస్ లూయిస్ 1927లో చర్మపు రక్తనాళములనుగూర్చి ప్రకటించిన గ్రంథమున ఒక చక్కని పరీక్ష కలదు. మొద్దు అంచుతో ముంజేతిపై గట్టిగా గీచినచో మొదట ఎర్రనిగీత ఏర్పడును. పిదప దాని చుట్టును ఎర్రదనము వ్యాపించును. తరువాత గీతవెంబడి చర్మముబ్బును. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చును. తమ చేతిపైననే సుమా, విద్యార్థి చేతిపై గాదు! నూటికి ఇద్దరు మొదలు ఐదుగురివరకు ఈ ఉబ్బు మిక్కుటముగా లేచును. అట్టి బాలుడు కమిలినచోట గోకుకొన్నచో, గోరు నడచిన దారినే దద్దురులు నిలుచును. గోకుట క్షణకాలము నొప్పిచేత దురదను అణచును. ఆ గోకుటయే మాస్టుకణములను మరల రేపును. గోకిన కొలది దురద, దురద కొలది గోకుట.

అయినను దురద లన్నిటికిని హిస్టమినే మూలము గాదు. దూలగొండి కాయ నూగు సంగతి పల్లెబడిలో చదివినవారికి చెప్పనక్కరలేదు. ఆ నూగులోని మ్యుకునైన్ అను ప్రోటీనును విచ్ఛేదించు ఎంజైమును షెల్లీ, ఆర్థర్ అనువారు 1955లో వర్ణించిరి. అది హిస్టమినుతో పనిలేకయే దురద పుట్టించును. హిస్టమినును అడ్డుకొను మాత్ర ఒక దురదకు పనిచేసి మరియొకదానికి పనిచేయకుండుటకు ఇట్టిది ఒక కారణము.

కాని కమిలినచోట పొక్కులు లేచినపుడు మొదట అడుగవలసిన ప్రశ్న వేరు: "ఏమి పూసితిరి?" దెబ్బ తగిలిన వెంటనే తైలమో, పసుపో, ఘాటైన లేపనమో, అంటుపట్టియో మనయిండ్లలో సిద్ధము. చర్మమునకు సరిపడని ద్రవ్యము తాకినపుడు పొక్కులు తక్షణమే రానక్కరలేదు; ఒకటి మొదలు మూడు దినములు పట్టవచ్చును. ఆ వేళకు మచ్చ రంగు మారుచుండును గావున, నేరము దెబ్బపైకి పోవును, మందు తప్పించుకొనును. గురుతేమనగా, పొక్కులు మచ్చ హద్దును అనుసరింపక పూత హద్దును అనుసరించును. పట్టి వేసినచో దాని చతురస్రాకృతియే అచ్చుపడును. పసుపు మనకు మంగళద్రవ్యము, శంకించుటకు మనసొప్పదు. కాని అరుదుగానైనను అదియు కొందరి చర్మమునకు గిట్టదు. నల్లజీడి రసము మాట చెప్పనే వద్దు. రెండవ ప్రపంచయుద్ధమున మనదేశమందున్న అమెరికా సైనికులకు లేచిన పొక్కులకు, వారి దుస్తులపై చాకలి ఆ రసముతో పెట్టిన గురుతులే కారణమని 1943లో వైద్యులు ప్రకటించిరి. బట్టమీది గురుతే అంతపని చేయగా, ఆ రసమును వాచినచోట పూయువారిని ఏమందుము!

అట్టిచో పూత మానుట తొలి చికిత్స. చర్మమును మెల్లగా కడిగి, చల్లని తడిబట్ట వేసి, బాలుని గోళ్లు కత్తిరించినచో సామాన్యమైన దురద కొన్ని దినములలో తగ్గును. గజ్జి యైనచో తీరు వేరు: వ్రేళ్లసందులను, మణికట్లను పట్టును, రాత్రులందు హెచ్చును, ఇంటిలో మరికొందరికిని ఉండును. కమిలినచోటనే నిలిచిన దురద ఎవరికిని అంటదు. ఆ బాలుని ప్రక్కన ఎవరైనను కూర్చుండవచ్చును.

ఉపేక్షింపరానివి కొన్ని కలవు. మచ్చ చుట్టును వేడియు ఎర్రదనమును పెరిగి చీము పట్టినను, జ్వరము వచ్చినను వైద్యునికి చూపవలయును. అంతకన్న ముఖ్యమైనది గాజుగ్లాసు పరీక్ష. తేటగాజును ఒత్తినపుడు దద్దురు ఎరుపు పాలిపోవును. చర్మములోనికి కారిన రక్తపుచుక్క పాలిపోదు. ఒత్తినను పోని ఎర్రని సూదిమొన చుక్కలు జ్వరముతోగాని చిగుళ్ల రక్తముతోగాని కనబడినచో, లేక దెబ్బయే తగులని బాలుని ఒంట కమిలిన మచ్చలు పెక్కు తోచినచో, రక్తమున ప్లేట్‌లెట్ కణములు తగ్గి యుండవచ్చును. అప్పుడు లేపనముల జోలికి పోక, తల్లిదండ్రులకు కబురుపంపి, ఆనాడే ఆసుపత్రికి చేర్చవలయును.