వృద్ధుల పడిశము

పసిబిడ్డకు పడిశము పట్టినచో ఇంటిల్లిపాదికిని తెలియును. ముక్కు కారును, ఒడలు కాలును, బిడ్డ యేడ్చును. అదే వ్యాధి అత్తగారికో తాతగారికో సోకినపుడు పోల్చుకొనుట అంత సులభము కాదు. ఆసుపత్రిలోని వైద్యులు సైతము ఒక్కొక్కప్పుడు భ్రమపడుదురు.

మొదటి చిక్కు జ్వరమును గూర్చినది. వయసు మీఱినకొలది దేహపు వేడి కొంత తగ్గును. వ్యాధి సోకినపుడు వేడిని పెంచుకొను శక్తియు సన్నగిల్లును. కావున 100 డిగ్రీలు దాటలేదు గదా యని ఊరకుండరాదు. నిత్యము 97 డిగ్రీలుండు ముదుసలికి 99 దాటి నిలిచినచో దానిని జ్వరముగనే యెంచవలెను. కీళ్లనొప్పులకు మ్రింగు మాత్రలు ఆ కొంచెపు వేడిని కూడ మఱుగుపఱచును.

జ్వరమునకు బదులు కనబడు గుర్తులు వేఱు. నిన్నటిదాక చక్కగా మాటలాడిన అవ్వ నేడు కన్నకొడుకును పోల్చుకొనలేదు. పగలెల్ల మగతగా పడియుండి, రాత్రివేళ లేచి పుట్టింటికి పోవుదుననును. అన్నము సయింపదు. నాలుగడుగులు వేసి తూలి పడును. దీనిని "ముసలి చాదస్తము" అని త్రోసివేయుట మన యిండ్లలో పరిపాటి. ఈ మాట వలన కలుగుచున్న హాని కొంచెము కాదని మా యభిప్రాయము. మఱపు ఏండ్ల తరబడి మెల్లగా వచ్చును. ఒకటి రెండు దినములలో వచ్చిన మతిభ్రమ రోగలక్షణమే.

2020వ సంవత్సరమున అమెరికాలోని ఏడు ఆసుపత్రుల అత్యవసర విభాగములకు కోవిడ్ సోకి వచ్చిన 817 మంది వృద్ధులను పరిశీలించిరి. వారిలో 226 మందికి మతిభ్రమ యుండెను. ఆ 226 మందిలో 84 మందికి జ్వరము, ఆయాసము మొదలగు సామాన్య లక్షణము లేవియు లేవు!

ఇన్‌ఫ్లుయెంజా ఊపిరితిత్తులతో ఆగదు. అది సోకిన మొదటి వారమున గుండెపోటు వచ్చుట ఇతర దినములకంటె ఆఱింతలు అధికమని 2018లో కెనడా పరిశోధకులు ప్రకటించిరి. ఆర్.ఎస్.వి. అను వైరస్సును చాలకాలము పసిపిల్లల జబ్బుగనే తలచిరి. ముదుసలులకు దానివలన జ్వరము స్వల్పము, పిల్లికూతలు మెండు. అందుచే ఉబ్బసమనియో గుండెజబ్బు ముదిరినదనియో పొరబడుట కలదు. వృద్ధులకై దీనికి టీకాలు 2023లో వచ్చినవి.

మంచముకడ కూర్చుండు సోదరీమణులకు వైద్యునికంటె బాగుగ తెలిసిన దొకటి కలదు: రోగి మొన్న ఎట్లుండెనో. దానిని అడుగకున్నను చెప్పవలెను. ఊపిరిని నిండు నిమిషము లెక్కింపుడు. 25 దాటినచో వెంటనే పిలువుడు. ఇన్‌ఫ్లుయెంజా మందు 48 గంటలలోపల మొదలిడిన మిక్కిలి గుణకారి గనుక ముక్కులోని స్రావమును పరీక్షింపుమని అడుగుటకు సంకోచింపకుడు. కొంచెము నెమ్మదించి మరల జ్వరము తిరుగబెట్టినచో న్యుమోనియా శంకింపదగును.

కళ్లజోడును, చెవి యంత్రమును భద్రముకొఱకని ఇంట దాచి వచ్చువారిని మేము చూచితిమి. చూపును వినికిడియు లేక మతి మఱింత చెదరును. వానిని వెంట తీసికొనిపోయి రోగికి తగిలింపుడు. దగ్గుచు పలుకరింప వచ్చు చుట్టములను మాత్రము గుమ్మముకడనే నిలుపుడు.