వరోరా నుంచి బందరుకు: సెలవుల్లో చూసి రావలసిన మన పాత రేవు

సముద్రపు ఒడ్డున పాత కోటలు, రేవులు ఉన్న పట్టణం అనగానే మన పిల్లలు టీవీలో చూసే మధ్యధరా తీరపు ఊళ్ల పేర్లు చెబుతారు. అలాంటి పట్టణం మనకూ ఒకటుంది. అదే మచిలీపట్నం, మనవాళ్ల నోట బందరు. బందరు అంటే పారసీక భాషలో రేవు.

ఆ మధ్యధరాతోనూ దీనికి పాత సంబంధం ఉంది. దాదాపు రెండు వేల ఏళ్ల క్రితం గ్రీకు భాషలో రాసిన ఓ నావికుల పుస్తకంలో 'మసాలియా' అనే తీరం, అక్కడి సన్నని నూలు బట్టల ప్రస్తావన ఉన్నాయి. అది ఈ ప్రాంతమేనని చరిత్రకారుల భావన. తర్వాత గోల్కొండ సుల్తానులకు ఇదే ముఖ్యమైన రేవు. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు ఇక్కడ వర్తకం మొదలుపెట్టారు. 1864 నవంబరు 1న వచ్చిన తుఫాను, ఉప్పెనలో సుమారు 30 వేల మంది చనిపోయారు. ఆ దెబ్బ నుంచి రేవు మళ్లీ పూర్వపు స్థితికి రాలేదు.

ఎలా వెళ్లాలి? వరోరాలో అన్ని బండ్లూ ఆగవు కాబట్టి బల్లార్షా వెళ్లి ఎక్కడం మేలు. కాజీపేట, వరంగల్, ఖమ్మం మీదుగా విజయవాడ చేరితే, అక్కడి నుంచి బందరు సుమారు 70 కిలోమీటర్లు. బస్సులున్నాయి, గుడివాడ మీదుగా రైలూ ఉంది.

ఏం చూడాలి? మొదట బందరుకోట శిథిలాలు, డచ్చివారి సమాధులు. తర్వాత పెడన. అక్కడ కలంకారీ అద్దకం చూడవచ్చు. బట్టను కరక్కాయ, గేదెపాలలో నానబెట్టి, ఇనుము, బెల్లం ఊరబెట్టిన నలుపును చెక్క అచ్చులతో అద్దుతారు. పారే నీటిలో ఉతికి ఆరబెడతారు. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, ఇక్కడ అచ్చులతో వేస్తారు. ఆ తేడా పిల్లలకు చూపించండి.

చిలకలపూడిలో పాండురంగస్వామి గుడి ఉంది. పండరిపురం విఠోబాను కొలిచే మనకు, కృష్ణా జిల్లాలో అదే స్వామి కనిపించడం సొంత ఇంటికి వచ్చినట్టే ఉంటుంది. చిలకలపూడి రోల్డుగోల్డు నగలకు కూడా పేరు. తిరిగి వచ్చేటప్పుడు బందరు లడ్డు మరిచిపోకండి.

మంగినపూడి బీచి ఊరికి 11 కిలోమీటర్ల దూరం. ఇక్కడ ఇసుక కంటే నల్లమట్టి ఎక్కువ. లోతు తక్కువగా కనిపించినా పిల్లలను ఒంటరిగా నీళ్లలోకి పంపకండి. కార్తీక పౌర్ణమికి స్నానాల రద్దీ బాగా ఉంటుంది. దీపావళి సెలవులు తుఫానుల కాలం కూడా, కాబట్టి బయలుదేరే ముందు వాతావరణ హెచ్చరికలు చూసుకోండి. డిసెంబరు, జనవరి నెలలు ఇంకా హాయి.

చివరగా ఒక్క మాట. మనం ఆంధ్ర, తెలంగాణ వైపు వెళ్లేది ఎక్కువగా పెళ్లికో, దినానికో. పిల్లలు చుట్టాల ఇళ్లు చూస్తారు గాని ఊళ్లు చూడరు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గాని చదవడం రాదు. దేవనాగరి ముందుగా నేర్చిన ఆ పిల్లలకు బందరు బజారే పలక. బస్సు మీది పేరు, మిఠాయి కొట్టు బోర్డు, గుడి గోడ మీది అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివించండి. రెండు రోజుల్లో పది అక్షరాలు వచ్చినా, ఆ ప్రయాణం ఖర్చు తీరినట్టే.